ఆన్‌లైన్ పుస్తకం: కొనాలా, అద్దెకు తీసుకోవాలా, చందా కట్టాలా?

అచ్చు పుస్తకం కొన్నాక దాన్ని ఏం చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. చదివేసి పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు, కోఠీలోనో విజయవాడలోనో పాత పుస్తకాల షాపులో అమ్మేయొచ్చు, పిల్లల తరం దాకా బీరువాలో దాచిపెట్టొచ్చు. ఆన్‌లైన్ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ మనం డబ్బు కట్టేది కొన్ని షరతుల మీద చదువుకోవడానికి ఇచ్చే అనుమతికి. ఎంతకాలం చదవొచ్చు, ఎన్ని ఫోన్లలో తెరవొచ్చు, ప్రింట్ తీయొచ్చా, ఇంట్లో ఇంకొకరికి ఇవ్వొచ్చా అన్నవన్నీ అమ్మేవాళ్లను బట్టి మారతాయి. ధర మాత్రం అందరూ పెద్ద అక్షరాల్లోనే వేస్తారు. షరతులే మనం వెతుక్కుని చదవాలి.

ఈబుక్ ఎక్కడ కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు వాళ్లను అడిగేది, ఆ పుస్తకంతో ఎన్నాళ్లు పని అని. వారంలో చదివి పక్కన పెట్టే నవలకు ఒక దారి, పరీక్ష దాకా కావాల్సిన మెటీరియల్‌కు ఒక దారి, ఏళ్ల తరబడి తిరగేసే నిఘంటువుకో కవితా సంపుటికో ఇంకో దారి. కొంతకాలానికే కావాలంటే ఆ కాలానికే డబ్బు కట్టండి. దాచుకోవాలంటే ఫైలు మీ చేతికి వచ్చేచోటే కొనండి. ఈ రెంటికీ మధ్యలో ఇంకో రకం ఉంది: బటన్ మీద ‘కొనండి’ అని ఉంటుంది, పుస్తకం మాత్రం ఆ కంపెనీ ఖాతాలోనే ఉండిపోతుంది. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ధర చాలాసార్లు అచ్చు పుస్తకానికి దగ్గరగా ఉంటుంది, హక్కులేమో అద్దెకు దగ్గరగా ఉంటాయి.

‘కొనండి’ బటన్ నొక్కితే దక్కేది ఏమిటి

అమెజాన్ ఈబుక్స్ అమ్మే కిండిల్ స్టోర్ నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంటుంది, పుస్తకాన్ని మీకు అమ్మడం లేదు, లైసెన్స్ ఇస్తున్నాం అని. దాన్ని తిరిగి అమ్మడానికి, అద్దెకు ఇవ్వడానికి, ఇంకొకరి పేరు మీదికి మార్చడానికి వీల్లేదని కూడా అక్కడే ఉంటుంది. ఇది ఒక్క అమెజాన్ సంగతే కాదు, ఖాతాకు కట్టేసి అమ్మే దుకాణాలన్నిటి పద్ధతీ దాదాపు ఇదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద ఒక చట్టమే చేసింది. వెనక్కి తీసుకునే వీలున్న డిజిటల్ సరుకును ‘కొనండి’ అని అమ్మేటప్పుడు, మీకు దక్కేది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పి తీరాలి. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఆ హెచ్చరిక మనకు మనమే చెప్పుకోవాలి.

ఇవన్నీ కాగితం మీది మాటలేలే అనుకోవడానికి లేదు. 2009 జూలైలో అమెజాన్ కొందరి కిండిల్ యంత్రాల్లోంచి జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెంటిని దూరం నుంచే తీసేసింది. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు అసలు ఆ హక్కే లేదని తర్వాత తేలిందట. డబ్బు వెనక్కి ఇచ్చారు, అప్పటి కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పాడు. కానీ పుస్తకం మాయమవడంతో తాను రాసుకున్న నోట్స్ ఎందుకూ పనికిరాకుండా పోయాయని ఒక హైస్కూల్ విద్యార్థి కోర్టుకు వెళ్లాడు. నాకు ఇందులో బాధగా అనిపించేది ఆ నోట్స్ సంగతే. పుస్తకం డబ్బు పెడితే మళ్లీ దొరుకుతుంది, అంచుల్లో రాసుకున్నది దొరకదు.

పదేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ ఏకంగా దుకాణమే మూసేసింది. 2019 ఏప్రిల్‌లో ఈబుక్ అమ్మకాలు ఆపింది, అదే ఏడాది జూలై నుంచి అంతకుముందు కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోలేదు. అందరికీ పూర్తి డబ్బు వాపసు ఇచ్చింది, నోట్స్ రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. మర్యాదగానే చేసింది, కాదనను. కానీ అంత పెద్ద కంపెనీ కాబట్టి డబ్బయినా వచ్చింది. చిన్న యాప్ మూతపడితే వాపసు ఇచ్చే మనిషే దొరకడు.

కిండిల్‌లో కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో యంత్రంలోకి ఎక్కించుకునే సౌకర్యం చాలాకాలం ఉండేది. 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ దాన్ని ఎత్తేసింది. బ్యాకప్ పెట్టుకునే అలవాటున్న పాఠకులకు అదొక దెబ్బ. గూగుల్ ప్లే బుక్స్ ఈ విషయంలో కొంచెం నయం. పబ్లిషర్ ఒప్పుకున్న పుస్తకాలను ఈపబ్ అనే ఈబుక్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో బయటికి తీసుకోవచ్చు. అయితే కొన్ని మామూలు ఫైలుగా వస్తాయి, కొన్ని కాపీ కాకుండా ఆపే డీఆర్‌ఎం అనే డిజిటల్ తాళంతో వస్తాయి. తాళం ఉన్నవాటిని అడోబీ ప్రోగ్రాంలోనో, దాన్ని ఒప్పుకునే ఈరీడర్‌లోనో మాత్రమే చదవగలం.

ఇంతా చెప్పి కిండిల్ వద్దంటున్నానా? లేదు. అక్షరాలు కావాల్సినంత పెద్దవి చేసుకోవచ్చు, ఫోన్‌లో ఆపిన చోటు నుంచే ట్యాబ్‌లో మొదలెట్టొచ్చు, అర్ధరాత్రి గుర్తొచ్చిన ఇంగ్లిష్ పుస్తకం నిమిషంలో తెరుచుకుంటుంది. సగం ధరకో ఇంకా తక్కువకో దొరికినప్పుడు ఖాతా పుస్తకం మంచి బేరమే. అచ్చు ప్రతి ధరకు పది, ఇరవై రూపాయల తేడాతో అమ్ముతుంటే మాత్రం నేను అచ్చు ప్రతే తీసుకుంటాను. పన్ను కూడా అచ్చుకే అనుకూలం. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చులో కూడా వచ్చిన ఈబుక్‌కు 2018 జూలైలో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు గానీ, అచ్చు ప్రతి లేకుండా ఈబుక్‌గానే వచ్చినదానికి ఆ తగ్గింపు రాలేదు.

పొరపాటున కొన్నా, నచ్చకపోయినా వెనక్కి ఇవ్వడానికి కిండిల్, గూగుల్ ప్లే రెంటిలోనూ సాధారణంగా ఏడు రోజుల గడువు ఉంటుంది. సగం చదివేశాక వాపసు అడిగితే ఇస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. అమెజాన్ 2022లో రచయితల సంఘం ఒత్తిడితో ఒక మార్పు చేసింది: పదో వంతు మించి చదివిన పుస్తకాన్ని బటన్ నొక్కి వాపసు చేయడం కుదరదు, కస్టమర్ సర్వీస్ వాళ్లతో మాట్లాడాలి. అది న్యాయమే. కొని, మొత్తం చదివి, డబ్బు వెనక్కి తీసుకునేవాళ్ల వల్ల నష్టపోయేది రచయితలే కదా.

తెలుగు పుస్తకాలకు ఇంకో చిక్కు

2016 చివర్లో అమెజాన్ భారతీయ భాషల ఈబుక్స్ తెచ్చినప్పుడు ఆ జాబితాలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు ఈబుక్స్ వ్యవహారం మొదటి నుంచీ కాస్త వేరుగా నడిచింది. 2010 ప్రాంతంలో మొదలైన తెలుగు ఈబుక్స్ సైట్ కినిగె చాలామందికి ఈబుక్‌ను పరిచయం చేసింది. అక్కడ చాలా పుస్తకాల పక్కన కొనే ధర ఒకటి, ముప్పై రోజుల అద్దె ధర ఒకటి ఉండేవి. అద్దెను అద్దె అని రాసి అమ్మిన ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. పాఠకుడికి తాను దేనికి డబ్బు కడుతున్నాడో తెలిసేది.

తెలుగులో కొనేముందు ధర కంటే ముందు చూడాల్సింది ఫైలు రకం. మన డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, చాలాకాలం అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో నడిచింది. ఆ ఫైలును నేరుగా పీడీఎఫ్ చేసి అమ్మితే తెర మీద అచ్చమైన తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఉండదు. పేజీలో ‘గోదావరి’ అన్న మాట నాలుగు చోట్ల కళ్లకు కనిపిస్తున్నా, పైన వెతికే పెట్టెలో గోదావరి అని కొడితే ఏమీ దొరకలేదంటుంది. ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా పడతాయి. నవలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. నిఘంటువు, చట్టం పుస్తకం, చరిత్ర, పరిశోధన గ్రంథం అయితే మాత్రం సగం విలువ అక్కడే పోయినట్టు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఇంకో బాధ. ఆరంగుళాల ఫోన్‌లో డెమీ సైజు పేజీని చదవాలంటే ప్రతి పంక్తికీ అటూ ఇటూ జరుపుకోవాలి. కళ్లు లాగేస్తాయి, పది పేజీలకే విసుగొస్తుంది. ఫోన్‌లో చదివేవాళ్లు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లో, ఉన్న ఈపబ్ దొరికితే పది, ఇరవై రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. అక్షరాలు పెద్దవి చేసినా పంక్తులు వాటంతట అవే సర్దుకుంటాయి. కొనేముందు ఉచిత నమూనా పేజీలు తప్పకుండా దించి చూడండి. ‘స్త్రీ’, ‘క్ష్మ’, ‘ర్థ్య’ లాంటి చోట్ల వత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయేమో చూస్తే, ఆ ఫైలును ఎంత శ్రద్ధగా తయారు చేశారో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చేతికి తాళం లేని ఫైలు వచ్చే చోట్లు తెలుగులో తక్కువే, కానీ ఉన్నాయి. కొందరు రచయితలు, చిన్న పబ్లిషర్లు డబ్బు తీసుకుని ఫైలును నేరుగా మెయిల్ చేస్తారు. ఇంగ్లిష్‌లో అయితే సైన్స్ ఫిక్షన్ పబ్లిషర్ టోర్ 2012 నుంచే తన ఈబుక్స్‌ను తాళం లేకుండా అమ్ముతోంది. సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో మానింగ్, లీన్‌పబ్ లాంటి చోట్ల ఈపబ్, పీడీఎఫ్ రెండూ మన చేతికి వస్తాయి. ఇలాంటివి కొన్న రోజే రెండు చోట్ల దాచుకోండి, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. కొన్నిటిలో ప్రతి పేజీ అడుగున కొన్నవాళ్ల పేరో మెయిలో ముద్రించి ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు, మీ వాడకానికి అది అడ్డురాదు.

పరీక్షల మెటీరియల్: వ్యాలిడిటీ దగ్గరే ఆట అంతా

మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు కోచింగ్ యాప్‌లలో ఈబుక్స్ కొంటూనే ఉంటారు. ఆ యాప్‌లలో ఒకసారి కొనే పేజీని నిదానంగా చూడండి. పైన కొట్టేసిన ధర, పక్కన తగ్గించిన ధర, కింద ‘ఇంకా రెండు గంటలే’ అని పరుగెత్తే గడియారం. వ్యాలిడిటీ ఆరు నెలలు అన్న మాట ఇంకా కిందికి జరిపితే గానీ కనిపించదు. కొన్నాక తెరిస్తే పేజీకి అడ్డంగా మన ఫోన్ నంబరు లేత బూడిద రంగులో కదులుతూ ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీస్తే నల్లటి బొమ్మ వస్తుంది. ఫోన్ మారిస్తే లాగిన్ కాదు, కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి పాత ఫోన్‌ను తీయించుకోవాలి. ఈ షరతులు తప్పని నేననను. దొంగ కాపీల భయం వాళ్లకూ ఉంటుంది. కానీ డబ్బు కట్టకముందే ఇవన్నీ మనకు తెలిసి ఉండాలి.

ఆరు నెలలు చాలవా అనుకుంటే తెలంగాణ గ్రూప్-1 సంగతి గుర్తు చేసుకోండి. ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. పేపర్ లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు, ప్రిలిమ్స్ 2024 జూన్ 9న, మెయిన్స్ అక్టోబరులో జరిగాయి. 2022లో ఏడాది వ్యాలిడిటీతో పుస్తకం కొన్న అభ్యర్థి, అసలు లెక్కలోకి వచ్చిన ప్రిలిమ్స్ నాటికి కనీసం ఇంకోసారి డబ్బు కట్టి ఉండాలి. నోటిఫికేషన్ తేదీని నమ్ముకుని వ్యాలిడిటీ లెక్క వేసుకోవడం మన దగ్గర కుదరదు.

అందుకని నేను చెప్పేది ఇది. కరెంట్ అఫైర్స్, మాక్ టెస్టులు లాంటివి ఎలాగూ కొన్ని నెలలకే పాతబడతాయి కాబట్టి యాప్‌లో గడువుతో తీసుకోండి, తప్పులేదు. చరిత్ర, పాలిటీ, భూగోళం, ఎకానమీ లాంటి మూల పుస్తకాలు మాత్రం అచ్చులోనే కొనండి. పరీక్ష రెండేళ్లు వాయిదా పడినా అవి మీ బల్ల మీదే ఉంటాయి, తమ్ముడికో చెల్లికో పనికొస్తాయి. ఇంకో మాట, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. మన రాష్ట్రాల స్కూలు పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా ప్రభుత్వ సైట్లలో ఉంటాయి. వాటినే కొత్త అట్టతో ప్యాకేజీలో కలిపి అమ్ముతుంటే, దానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు.

యాప్ వాళ్లను కొనేముందే రాతపూర్వకంగా అడగండి: పరీక్ష వాయిదా పడితే గడువు పొడిగిస్తారా, పొడిగిస్తే ఎంత కట్టాలి, గడువు కొన్న రోజు నుంచి లెక్కా, మొదటిసారి తెరిచిన రోజు నుంచి లెక్కా, ఫోన్ పోతే కొత్త ఫోన్‌లోకి ఎన్నిసార్లు మార్చుకోవచ్చు. చాట్‌లో జవాబిస్తే దాన్ని దాచుకోండి. జవాబే ఇవ్వకపోతే అదే మీకు జవాబు.

వైద్యం, మేనేజ్‌మెంట్ చదివేవాళ్లకు ఇంకో రకం ఉచ్చు ఉంది. కొన్ని ఖరీదైన పుస్తకాల లోపలి అట్ట మీద గీకి చూసుకునే కోడ్ ఉంటుంది, దాంతో ఆన్‌లైన్ ప్రతి, ప్రశ్నలు, వీడియోలు తెరుచుకుంటాయి. అది సాధారణంగా ఒక్కరికే, ఒక్కసారే పనిచేస్తుంది. సీనియర్ దగ్గర సగం ధరకు కొన్న పుస్తకంలో కోడ్ అప్పటికే గీకేసి ఉంటే ఆ ఆన్‌లైన్ భాగం మీకు లేనట్టే. అచ్చు పుస్తకం చాలనుకుంటే ఆ బేరం మంచిదే. కోడ్ కూడా కావాలంటే కొత్త ప్రతే తీసుకోవాలి.

నెలవారీ చందా ఎవరికి గిట్టుబాటు

కిండిల్ అన్‌లిమిటెడ్ మన దేశంలోకి 2015లో వచ్చింది. కొన్నేళ్లుగా నెలకు 169 రూపాయలు, అంటే ఏడాదికి 2,028. ఒకేసారి ఇరవై పుస్తకాల దాకా మన దగ్గర పెట్టుకోవచ్చు, చదివింది వెనక్కి ఇచ్చి ఇంకోటి తీసుకోవచ్చు. చందా ఆపిన రోజు అన్నీ పోతాయి. నెలకు రెండు, మూడు ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకు ఇది నిజంగా లాభం. పెద్ద పబ్లిషర్ల కొత్త పుస్తకాలు ఇందులో చాలావరకు ఉండవన్నది ముందే తెలుసుకోండి. మీరు చదవాలనుకుంటున్న పేర్లు కాగితం మీద రాసుకుని, అవి చందాలో ఉన్నాయో లేదో వెతికి చూసి, తర్వాతే చేరండి. ఈ ఒక్క పని చేస్తే సగం మంది చేరరని నా నమ్మకం.

తెలుగు సీరియల్ కథలు రోజూ చదివేవాళ్లకు ప్రతిలిపి లాంటి యాప్‌లు ఉన్నాయి. అక్కడ చాలా కథలు ఉచితం. కొన్ని భాగాలకు ఆగాలి, లేదా నాణేలు కొనో ప్రీమియం చందా కట్టో ముందుగా తెరుచుకోవాలి. రెండో భాగంలో ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంలో కొద్దికొద్దిగా కట్టే డబ్బు నెలాఖరుకు ఎంతవుతుందో ఒకసారి కూడి చూడండి. ఎక్కువ చదివేవాళ్లకు విడివిడిగా నాణేల కంటే చందానే చవక పడొచ్చు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలిసిన ఉదాహరణ టెక్నాలజీ పుస్తకాల పబ్లిషర్ ఓరైలీ. 2017 జూన్‌లో ఆ సంస్థ విడి ఈబుక్స్ అమ్మడం ఆపేసి చందా పద్ధతికి మారింది. ఏడాదికోసారి పాతబడే టెక్నాలజీ పుస్తకాలకు చందానే సరైనది. అయితే సొంత డబ్బు కట్టేముందు ఆఫీసులో అడగండి, చాలా కంపెనీలు ఉద్యోగులందరికీ తీసి ఉంచుతాయి.

చందా విషయంలో రిజర్వ్ బ్యాంక్ నియమం ఒకటి మనకు అండగా ఉంది. 2021 అక్టోబరు నుంచి కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు కోసేముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, అందులోనే వద్దనుకునే వీలూ ఉండాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయకండి. యూపీఐతో కట్టినవాళ్లు తమ యాప్‌లో ఆటోపే భాగంలోకి వెళ్లి అక్కడే రద్దు చేసుకోవచ్చు. పుస్తకాల యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చందా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆగదు, డబ్బు నెలనెలా పోతూనే ఉంటుంది.

డబ్బు కట్టక్కర్లేని, చట్టబద్ధమైన దారులు

మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంతకాలం, ఆపైన చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, ఆయన రచనలు 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి చలం రచనల మీద 2039 చివరి దాకా, శ్రీశ్రీ రచనల మీద 2043 చివరి దాకా హక్కులు ఉన్నాయి. హక్కులు తీరిన పుస్తకాన్ని ఎవరైనా డబ్బుకు అమ్ముతుంటే అది తప్పు కాదు. కొత్త ముందుమాట, వివరణలు, తప్పుల్లేని టైపింగ్ ఉంటే ఆ శ్రమకు కట్టొచ్చు. ఉత్త స్కాన్‌ను అమ్ముతుంటే మాత్రం తెలుగు వికీసోర్స్‌లోనో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో ముందు వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడ కనిపించిన ప్రతిదీ హక్కులు తీరిందే కాదు, రచయిత పోయిన ఏడాది చూసుకోవాలి.

హక్కులు తీరని పుస్తకాలను స్కాన్ చేసి ఒక్కో ప్రతి చొప్పున అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ పద్ధతి మీద అమెరికాలో నలుగురు పెద్ద పబ్లిషర్లు 2020లో కేసు వేశారు. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు పబ్లిషర్ల వైపే తీర్పు ఇచ్చాయి. దాంతో లక్షల పుస్తకాలు ఆ అరువు జాబితా నుంచి పోయాయి. పాత లింకులు తెరుచుకోకపోవడానికి ఒక కారణం ఇదే.

విద్యార్థులు, పరిశోధకులు ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. ఒక్క వ్యాసానికి ముప్పై, నలభై డాలర్లు కట్టేముందు మీ లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి.

చూపు లేనివాళ్లకు, అచ్చు చదవలేనివాళ్లకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016లో మొదలైంది. అంధులకు పుస్తకాలు అందేలా చేసిన మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో ఆమోదించిన దేశం మనదే. మన చట్టం కూడా వాళ్లకు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకునే హక్కు ఇచ్చింది. ఇంట్లో అలాంటివాళ్లుంటే ముందు అక్కడ నమోదు చేయించండి, తర్వాతే ఆడియో పుస్తకాల మీద డబ్బు పెట్టండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకుంటే లిబ్బీ యాప్‌లో ఈబుక్స్, ఆడియో పుస్తకాలు ఉచితంగా అరువు తెచ్చుకోవచ్చు. గడువు తీరగానే అవే వెనక్కి వెళ్లిపోతాయి, జరిమానా ఉండదు. అక్కడి లైబ్రరీల నుంచి కిండిల్‌లోకి కూడా పంపుకోవచ్చు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి: గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలం, పాత దేశంలో మిగిలిన బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. విమానం ఎక్కేముందు దాన్ని పుస్తకాలకో దేనికో వాడేయండి.

టెలిగ్రామ్‌లో దొరికే పీడీఎఫ్‌ల గురించి కూడా చెప్పాలి. హక్కులున్న పుస్తకాన్ని అలా పంచడం నేరం. పంచే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొట్టినా కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, వెయ్యి కాపీలు అమ్ముడుపోతేనే గొప్ప అనుకునే తెలుగు రచయితకు ఒక్క గ్రూపులో తిరిగే పీడీఎఫ్ చేసే నష్టం చిన్నది కాదు. ఆ పుస్తకం నచ్చి నలుగురికి పంపాలనిపిస్తే, కొనుక్కునే లింకు పంపండి.

డబ్బు కట్టే రోజు, తేడా వచ్చిన రోజు

కట్టేముందు వ్యాలిడిటీ, వాపసు షరతులు ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అమ్మేవాళ్లు ఆ పేజీని తర్వాత మార్చొచ్చు. ఏ మెయిల్‌తో, ఏ నంబరుతో ఖాతా తెరిచారో ఇంట్లో ఇంకొకరికి తెలియనివ్వండి. ఆఫీసు మెయిల్‌తో మాత్రం వద్దు, ఉద్యోగం మారితే లైబ్రరీ మొత్తం పోతుంది. ముఖ్యమైన నోట్స్‌ను మూడు నెలలకోసారి బయటికి తీసి వేరేచోట దాచుకోండి.

ఉచిత ట్రయల్‌కే కార్డు వివరాలు తప్పనిసరి అనడం, రద్దు చేసే బటన్ దొరక్కుండా దాచడం కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించిన 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ (కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడలు) లోకి వస్తాయి. అలాంటిది జరిగితే ముందు పుస్తకం అమ్మిన కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇన్‌వాయిస్ నంబరు, డబ్బు కట్టిన తేదీ, మీరు పంపిన మెయిల్, మొదటి రోజు తీసిన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.